సైన్యం లేని సేనాని

ఆదివారం పొద్దున్నే ఎం.వి.పి. కాలనీలో మా మావయ్యగారింటికి వెళ్లడం నాకు ఏళ్లనాటి అలవాటు. ఆయన పదాతిదళంలో కల్నల్‌గా పనిచేసి రిటైరయ్యారు. నేను డిగ్రీ కాలేజీలో రాజనీతిశాస్త్రం చెబుతాను. మొన్న వెళ్లినప్పుడు సోమవారం చెప్పాల్సిన పాఠం కాగితాలు వెంట ఉన్నాయి. పాఠం సైనిక కూటముల గురించి. పైకాగితం మీద నౌకాదళం యూనిఫారంలో ఉన్న ఒకాయన ఫొటో ఉంది. మావయ్య కళ్లజోడు సర్దుకుని చూశారు. అక్కడ మొదలైన వాదన వడ్డించిన అన్నం చల్లారేదాకా సాగింది. అత్తయ్య రెండుసార్లు పిలిచి, మూడోసారి పిలవడం మానేసింది. గుర్తున్నంతవరకూ ఉన్నదున్నట్టు రాస్తున్నాను. నా పక్షం బలంగా కనిపించాలని ఆయన మాటలేవీ తగ్గించలేదు.

మావయ్య: ఎవరమ్మా ఈయన?

నేను: జుసెప్పె కావో డ్రాగోనె. ఇటలీ అడ్మిరల్. 2025 జనవరి నుంచి నాటో మిలిటరీ కమిటీ ఛైర్మన్. సభ్యదేశాల సైన్యాధిపతులు కలిసి ఎన్నుకున్న మనిషి.

మావయ్య: చేతికింద ఎంతమంది జవాన్లు?

నేను: ఒక్కడూ లేడు. బ్రస్సెల్స్‌లో కమిటీకి పనిచేసిపెట్టే అంతర్జాతీయ స్టాఫ్ ఉంది, సుమారు 500 మంది. దానికీ వేరే డైరెక్టర్ జనరల్ ఉన్నాడు. దళాలను నడిపే అధికారం మోన్స్ దగ్గరున్న సుప్రీం కమాండర్‌ది.

మావయ్య: మరి ఈయన చేసేదేమిటి?

నేను: 32 దేశాల సైన్యాధిపతుల చేత ఒక మాట అనిపించడం. ఆ మాటను రాజకీయ నాయకుల ముందు పెట్టడం. వాళ్లు తేల్చినదాన్ని సైనికులకు అర్థమయ్యేలా తిరిగి తీసుకురావడం.

మావయ్య: అంటే ఉత్తరాలు మోసే పని. దానికి నాలుగు నక్షత్రాలు ఎందుకు? తల్లీ, పదిమంది చేతిలో పాము చావదు. యుద్ధంలో అసలే చావదు. 1918 మార్చి 21న జర్మన్లు విరుచుకుపడితే ఏమైంది? పారిస్ కాపాడుకోవాలని ఫ్రెంచి సేనాపతి పెతాఁ ఒకవైపు, రేవులు కాపాడుకోవాలని బ్రిటిష్ సేనాపతి హేగ్ ఇంకోవైపు జరిగిపోతున్నారు. మధ్యలో సందు పడుతోంది. అయిదు రోజులకు దూలెన్ ఊళ్లో మునిసిపల్ ఆఫీసులో కూర్చుని ఫ్రెంచి జనరల్ ఫోష్‌ని పెద్దగా పెట్టుకున్నారు. మూడున్నరేళ్ల సంప్రదింపులతో కానిది ఒక్కపూటలో అయింది. కూటమికి కావలసింది ఒక్క గొంతు, ఒక్క ఆజ్ఞ.

నేను: ఆ తర్వాత వారానికే, ఏప్రిల్ 3న బోవేలో రాసుకున్న ఒప్పందం కూడా చూడండి మావయ్యా. తన సైన్యానికి ముప్పు వచ్చిందనుకుంటే ప్రతి దేశపు సేనాపతీ సొంత ప్రభుత్వానికి మొరపెట్టుకోవచ్చని అందులో ఉంది. ఫోష్ ఆజ్ఞకు మొదటి రోజు నుంచీ ఆ హద్దు ఉంది. అందుకే ఆయన చాలావరకు చేసింది ఒక్కొక్కరి దగ్గరకీ వెళ్లి నచ్చజెప్పడమే. ఇక ఒక్క గొంతు సంగతంటారా, మన ఊరి కథే చెబుతాను. అమ్మమ్మకి పదేళ్లప్పుడు విశాఖ మీద బాంబులు పడ్డాయి కదా.

మావయ్య: 1942 ఏప్రిల్ 6. అదే రోజు కాకినాడ మీద కూడా పడ్డాయి. పొయ్యి మీద అన్నం అలాగే వదిలేసి ఎడ్లబండెక్కి విజయనగరం వైపు పారిపోయామని మా అమ్మ చచ్చేదాకా చెప్పింది.

నేను: ఆ జపాన్ నౌకలు బంగాళాఖాతంలోకి అంత ధీమాగా ఎలా వచ్చాయి? అంతకుముందే సింగపూర్, జావా పోయాయి కాబట్టి. వాటిని కాపాడమని అమెరికా, బ్రిటన్, డచ్చివాళ్లు, ఆస్ట్రేలియా కలిసి మీరన్న ఒక్క గొంతునే పెట్టుకున్నాయి. జనరల్ వేవెల్. జనవరి 15న బాధ్యత తీసుకున్నాడు. ఫిబ్రవరి 25కల్లా ఆ కమాండే రద్దయింది. ఆరు వారాలు కూడా నిలవలేదు. ఆజ్ఞ ఇచ్చే మనిషి ఉన్నాడు. డచ్చివాళ్లకు జావా ముఖ్యం, బ్రిటిష్‌వాళ్లకు సింగపూర్ ముఖ్యం, అమెరికన్ల మనసంతా ఫిలిప్పీన్స్‌లో ఉంది, ఆస్ట్రేలియాకు సొంత గడ్డ భయం. దేన్ని వదులుకుని దేన్ని నిలబెట్టుకోవాలో ఆ నలుగురినీ ముందుగా కూర్చోబెట్టి తేల్చినవాళ్లు లేరు.

మావయ్య: అన్యాయంగా మాట్లాడకు. వేవెల్ దగ్గర విమానాలు లేవు, ఓడలు చాలవు. పది మంది స్టాఫ్ పెద్దల్ని ఇచ్చినా సింగపూర్ నిలిచేది కాదు. పొయ్యి మీద కుండే లేకపోతే ఉప్పు తక్కువైందంటావేమిటి?

ఆ మాట నిజం. నేను ఒప్పుకున్నాను. జావా పతనానికి స్టాఫ్ లేకపోవడమే కారణమని ఏ చరిత్రకారుడూ రాయడు. కానీ సరిగ్గా ఆ వారాల్లోనే వాషింగ్టన్‌లో పుట్టిన ఏర్పాటు గురించి ఆయనకి చెప్పాలనుకున్నాను. నేను ఈ వాదనలోకి దిగిందే దానికోసం.

నేను: కంబైన్డ్ చీఫ్స్ ఆఫ్ స్టాఫ్. బ్రిటన్, అమెరికా సైన్యాధిపతుల ఉమ్మడి కమిటీ. 1942 జనవరిలో వాషింగ్టన్‌లో మొదలై యుద్ధం పొడుగునా వారం వారం కూర్చుంది. బ్రిటిష్ సైన్యాధిపతులు లండన్‌లో ఉండాలి కాబట్టి వాళ్ల తరఫున వాషింగ్టన్‌లో కూర్చున్న పెద్ద ఫీల్డ్ మార్షల్ జాన్ డిల్. ఆయనంటే చర్చిల్‌కు పడేది కాదు. సైన్యాధిపతి పదవిలోంచి తప్పించి బొంబాయి గవర్నరుగా పంపేద్దామనుకున్నాడు. 1941 డిసెంబరులో తనతోపాటు ఓడలో అమెరికా తీసుకెళ్లి అక్కడే ఉంచేశాడు. అప్పటినుంచి డిల్ చేతికింద పటాలం లేదు.

మావయ్య: పక్కన పెట్టేసిన మనిషన్నమాట.

నేను: అలా పక్కన పెట్టిన మనిషే కూటమిని నిలబెట్టాడు. అమెరికా సైన్యాధిపతి మార్షల్‌తో ఆయనకు గట్టి స్నేహం కుదిరింది. కమిటీ కూర్చునే ముందు ఇద్దరూ కలిసి భోంచేసేవారు. ఏది గొడవ అవుతుందో, ఎంతవరకు తగ్గొచ్చో అక్కడే మాట్లాడుకునేవారు. రూజ్‌వెల్ట్ చర్చిల్‌కు పంపే సందేశాలు కొన్ని సొంత సైన్యాధిపతి మార్షల్‌కు కూడా చూపించేవాడు కాదు. అవి లండన్ వెళ్లి, లండన్ నుంచి డిల్‌కు వచ్చేవి. డిల్ వాటిని మార్షల్‌కు చూపించేవాడు. తన అధ్యక్షుడు ఏమనుకుంటున్నాడో మార్షల్‌కు పరాయి దేశపు అధికారి ద్వారా తెలిసేది.

మావయ్య: ఆగు. సొంత ప్రభుత్వం రహస్య టెలిగ్రాములు ఇంకో దేశపు అధికారికి చూపించాడంటున్నావు, మెచ్చుకుంటూ చెబుతున్నావు. మా రెజిమెంట్‌లో అయితే కోర్ట్ మార్షల్. నమ్మకం పేరుతో నియమం తప్పితే, రేపు ఇంకొకడు అదే నమ్మకం పేరుతో దేశాన్ని అమ్మేస్తాడు.

నేను: అమ్మేసినవాడు తన లాభం చూసుకుంటాడు మావయ్యా. డిల్ ఎవరినీ మోసం చెయ్యలేదు, రెండు పక్షాలూ ఒకరినొకరు మోసగించుకోకుండా ఆపాడు. 1943 జనవరి, కాసాబ్లాంకా సంగతి చూడండి. ముందు మధ్యధరా అంటాడు బ్రిటిష్ సైన్యాధిపతి అలన్ బ్రూక్. ఫ్రాన్స్ తీరం మీద దిగుదామంటాడు మార్షల్. పసిఫిక్‌కు ఇంకా ఓడలు కావాలంటాడు అమెరికా అడ్మిరల్ కింగ్. నాలుగైదు రోజులు అదే పట్టు. 18వ తేదీ భోజనాలయ్యాక డిల్ బ్రూక్ గదికి వెళ్లాడు. ఎంత తగ్గుతావని అడిగాడు. అంగుళం కూడా తగ్గనన్నాడు బ్రూక్. తగ్గక తప్పదు, తేలకపోతే అధ్యక్షుడి దగ్గరికీ ప్రధాని దగ్గరికీ పోతుంది, వాళ్ల చేతిలో పడితే ఎంత గందరగోళం చేస్తారో నీకూ తెలుసు, నాకూ తెలుసు అన్నాడు డిల్. వైమానిక దళానికి చెందిన స్లెసర్ అప్పటికే ఒక రాజీ ముసాయిదా రాసి ఉంచాడు. ఆ సాయంత్రానికి చిన్న మార్పులతో అమెరికన్లు ఒప్పుకున్నారు. సిసిలీ దాడి అలా ఖాయమైంది.

మావయ్య చాలాసేపు మాట్లాడలేదు. ఆయనకి బ్రూక్ మీద గౌరవం. మంకుపట్టు పట్టే సైన్యాధిపతి గది తలుపు కొట్టి ఆ మాట అనగలగడానికి ఏం కావాలో ఆయనకి నాకంటే బాగా తెలుసు.

మావయ్య: సరే, గొప్పవాడే. కానీ నువ్వు చెప్పిందంతా ఒక్క మనిషి మంచితనం. మనిషి పోతే? కూటమిని స్నేహాల మీద కడతారా? నార్మండీలో దిగింది భోజనాల బల్ల దగ్గర మాటలతో కాదు. బాంబర్లు నా కింద ఉండాలి, లేకపోతే ఈ పని నాకొద్దు అన్నాడు ఐసన్‌హోవర్. ఇచ్చారు. నాయకత్వమంటే అది.

నేను: నార్మండీ పథకం మొదట రాసింది ఎవరు? జనరల్ మోర్గాన్. 1943 వసంతంలో ఆయనకిచ్చిన పదవి పేరు సుప్రీం కమాండర్‌కు చీఫ్ ఆఫ్ స్టాఫ్. అప్పటికి సుప్రీం కమాండర్ ఎవరో నిర్ణయించనే లేదు. ఐసన్‌హోవర్ పేరు డిసెంబరులో గానీ తేలలేదు. రెండు దేశాల అధికారులు లండన్‌లో కూర్చుని, తీరం ఎంచి, పడవలు లెక్కపెట్టి, పోట్లాడుకుని ముసాయిదా తయారుచేశాక కమాండర్ వచ్చాడు. ఆ స్టాఫ్ ముందుగా పనిచేసి ఉండకపోతే ఆయన చేతికి అందేది ఖాళీ కాగితం.

మావయ్య: పునాది తవ్వినవాడు అవసరమే. గృహప్రవేశంలో పీటల మీద కూర్చునేది మాత్రం యజమాని.

నేను: యజమాని ఒక్కడే అయినప్పుడు. కూటమిలో 32 మంది యజమానులు. 1999 జూన్‌లో కొసావోలో ఏమైంది? రష్యా సైనికులు రెండు వందల మంది దాకా నాటో దళాల కన్నా ముందే వచ్చి ప్రిష్టినా విమానాశ్రయంలో కూర్చున్నారు. రన్‌వేలు మూసెయ్యమని సుప్రీం కమాండర్ వెస్లీ క్లార్క్ ఆజ్ఞ. చెయ్యనన్నాడు ఆయన కింద ఉన్న బ్రిటిష్ జనరల్ మైక్ జాక్సన్. రష్యాతో యుద్ధం తెచ్చిపెట్టే పని అన్నాడు. లండన్ జాక్సన్ పక్షాన నిలబడింది. క్లార్క్ ఆజ్ఞ అమలు కాలేదు. మీరు చెప్పే ఆజ్ఞ, వెనక రాజధానులు ఒప్పుకున్నంత దూరమే నడుస్తుంది. ఆజ్ఞ నిజంగా ఒక్కడిదే అయిన కూటమి కూడా ఒకటుండేది కదా, వార్సా. 1955 నుంచి 1991 దాకా అధిపతి ఎప్పుడూ సోవియట్ సేనానే, ఉమ్మడి స్టాఫ్ పెద్దా సోవియట్ వాడే. 1968 ఆగస్టులో ఆ సైన్యాలు కలిసి దండెత్తింది ఎవరి మీద? సొంత సభ్యదేశం చెకోస్లొవేకియా మీద. రొమేనియా రానంది. అల్బేనియా బయటికి పోయింది.

మావయ్య: నాటోలో మాత్రం? 1951లో ఐసన్‌హోవర్ నుంచి ఇవాళ్టి దాకా ఐరోపా సుప్రీం కమాండర్ ఎప్పుడూ అమెరికనే. నీ ఛైర్మన్ ఇటలీవాడు కావచ్చు, డచ్చివాడు కావచ్చు. వెనక కూర్చున్నది ఎవరో అందరికీ తెలుసు. మొదట్లో వాషింగ్టన్‌లో అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్ ముగ్గురూ స్టాండింగ్ గ్రూప్ అని పెట్టుకుని మిగతావాళ్లని బయట కూర్చోబెట్టారు. 1966లో ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగోల్ ఊరికే నాటో కమాండ్ నుంచి సైన్యాన్ని వెనక్కి తీసుకున్నాడా?

నేను: ఊరికే కాదు. అది గట్టిగా తగిలింది కాబట్టే స్టాండింగ్ గ్రూప్ రద్దయింది. మిలిటరీ కమిటీ వాషింగ్టన్ నుంచి బ్రస్సెల్స్‌కు వచ్చింది. అన్ని దేశాల అధికారులతో ఇప్పుడున్న అంతర్జాతీయ సైనిక స్టాఫ్ పుట్టింది 1967లో. ఐస్‌లాండ్‌కు సైన్యమే లేదు, అయినా ఆ బల్ల దగ్గర కుర్చీ ఉంది. 2015లో ఛైర్మన్ అయిన పెత్ర్ పావెల్ యువకుడిగా వార్సా కూటమిలోని చెకోస్లొవాక్ సైన్యంలో అధికారి. ఇప్పుడు చెక్ దేశానికి అధ్యక్షుడు. అమెరికా బరువు ఉందంటే కాదనను. అలాంటి బరువు ముందు చిన్న దేశం మాట వినిపించాలంటే, వినిపించడమే పనిగా ఉన్న మనిషి ఒకడు ఉండాలి కదా.

ఇక్కడ మావయ్య కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరకు వెళ్లారు. ఇన్నేళ్లలో నాకెప్పుడూ చెప్పని సంగతి చెప్పారు.

మావయ్య: ఆఫ్రికాలో శాంతిదళంలో ఉన్నప్పుడు. ఏ దేశమో అనవసరం. సాయంత్రం ఏడింటికి మా గస్తీ జీపు మందుపాతర మీదికి ఎక్కింది. కుర్రాడిది ఒడిశా, ఇరవై మూడేళ్లు. కాలు మోకాలి కింద నుజ్జయింది. హెలికాప్టర్ అడిగాం. ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉంది, ఇంకో దేశానిది. రాత్రిపూట ఎగరకూడదని వాళ్ల రాజధాని నియమమట. మాకు తెలీదు. తెల్లవారుజామున అయిదున్నరకి వచ్చింది. రాత్రంతా వాడి తల నా ఒళ్లో ఉంది. బతికాడు, కాలు పోయింది. ఆ రాత్రి ఎగరమని చెప్పే అధికారం ఒక్కడికి ఉండుంటే చాలు అనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటాను. అఫ్గానిస్తాన్‌లో మీ నాటో చేసిందీ అదే. కొందరు కాందహార్‌లో చస్తుంటే, కొందరికి ఉత్తరం దాటకూడదని షరతులు. నీ కమిటీ ఏం చేసింది?

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ కుర్రాడి ముందు పుస్తకాల మాటలు మాట్లాడటానికి నోరు రాలేదు. కాసేపయ్యాక అడిగాను.

నేను: మావయ్యా, ఆ హెలికాప్టర్ రాత్రి ఎగరదని మీకు ముందే తెలిసుంటే ఆ సాయంత్రం గస్తీ పంపేవారా?

మావయ్య: ... చీకటి పడ్డాక అంత దూరం పంపేవాణ్ణి కాదు.

నేను: మరి ఆ సంగతి మీకు చెప్పాల్సింది ఎవరు?

మావయ్య: హెడ్‌క్వార్టర్స్ స్టాఫ్.

నేను: నేను పొద్దుటినుంచీ మాట్లాడుతున్నది ఆ పని గురించే. నాటోలో ముసాయిదా ఒకటి తయారైతే అన్ని దేశాలకీ పంపి గడువు పెడతారు, గురువారం సాయంత్రం 5 గంటలనుకోండి. అప్పటిలోగా ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే. మౌనం అర్ధాంగీకారం అంటాం మనం, అక్కడ పూర్తి అంగీకారం. ఒక్క దేశం నోరు విప్పినా మళ్లీ మొదటికొస్తుంది. వోటింగ్ ఉండదు. ఛైర్మన్‌కీ స్టాఫ్ పెద్దలకీ అసలు పని ఆ గడువుకి ముందు రోజుల్లో ఉంటుంది. ఎవరికి ఎక్కడ ఇబ్బందో కనుక్కోవాలి. మా హెలికాప్టర్ రాత్రి ఎగరదు అని సిగ్గుపడకుండా చెప్పించాలి. చెప్పింది కాగితం మీద పెట్టించాలి, అది మీలాంటి కంపెనీ కమాండర్ దాకా చేరేలా చూడాలి. ఆజ్ఞతో ఆ నిజం బయటికి రాదు. గద్దిస్తే దాచుకుంటారు.

మావయ్య: దాచారు కూడా. పైన ఎవడికో తెలిసే ఉంటుంది. అడిగితే బాగోదని ఊరుకుని ఉంటాడు. నా కోపం అక్కడే తల్లీ. కమాండర్ తప్పు చేస్తే ఉద్యోగం పోతుంది, విచారణ జరుగుతుంది. ఏకాభిప్రాయం తప్పు చేస్తే ఎవరి మెడ పట్టుకోవాలి? 32 మంది కలిసి సంతకం పెట్టిన తప్పుకి దోషి ఎవడూ ఉండడు.

ఈ వాదనకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఉన్నట్టు నటించలేదు. నా దగ్గర ఉన్నది ఒక్క ఉదాహరణ.

నేను: 2023 అక్టోబరులో వార్సాలో ఒక సభలో అప్పటి ఛైర్మన్, డచ్ అడ్మిరల్ రాబ్ బావర్ నలుగురి ముందూ ఒక మాట చెప్పేశాడు. ఉక్రెయిన్‌కు ఇస్తూ ఇస్తూ వచ్చాం, మందుగుండు పీపాలో అడుగు కనబడుతోంది అన్నాడు. ఏ ప్రభుత్వమూ తన గిడ్డంగి ఖాళీ అని తానుగా చెప్పుకోదు. చేతికింద సైన్యం లేనివాడు, ఏ ఒక్క రాజధానికీ జవాబుదారీ కానివాడు కాబట్టి చెప్పగలిగాడు.

మావయ్య: యుద్ధం మొదలైంది 2022 ఫిబ్రవరిలో. ఏడాదిన్నర దాటాక చెప్పాడు. అంతకుముందు ఎన్నేళ్లు ఖాళీగా ఉన్నాయో ఆ గిడ్డంగులు! అప్పుడు అరిచి ఉండాల్సింది.

నేను: అవును. అప్పుడే అరవాల్సింది.

మావయ్య: అయితే విను, ఇది రాసుకో. నీ ఛైర్మన్‌కి సైన్యం అక్కర్లేదని ఒప్పుకుంటాను. కూటమిలో ఒక్క కమాండర్ ఉండాలన్నది మాత్రం వదులుకోను. కానీ ఆ కమాండర్‌కి ముందు ఇలాంటివాడు ఒకడు ఉండాలి. దేశాలు దాచుకున్నది అడగడం, విన్నది గడువులోగా కింద జవాన్ దాకా చేర్చడం వాడి ఉద్యోగం అని రాసి ఇవ్వాలి. చేర్చకపోతే మెడ వాడిది. అలా రాసి ఇస్తే నాలుగు కాదు, అయిదు నక్షత్రాలు పెట్టుకోనీ.

నేను: మెడ సంగతి నేనూ ఒప్పుకుంటున్నాను.

భోజనాల దగ్గర మావయ్య ఇంకొకటి అడిగారు. ఆ డిల్ చివరికి ఏమయ్యాడని. చెప్పాను. 1944 నవంబరు 4న వాషింగ్టన్‌లోనే జబ్బుతో చనిపోయాడు. అమెరికన్లు తమ సైనికులను పాతిపెట్టే ఆర్లింగ్టన్ శ్మశానంలో పరాయి దేశస్థుడైన ఆయనకు చోటిచ్చారు. మార్షల్ పట్టుబట్టి ఆ ఏర్పాటు చేయించాడు. 1950 నవంబరు 1న అధ్యక్షుడు ట్రూమన్ మీద హత్యాయత్నం జరిగింది. అదే రోజు మధ్యాహ్నం ఆయన ఆర్లింగ్టన్ వెళ్లి, అనుకున్నట్టే డిల్ విగ్రహాన్ని ఆవిష్కరించాడు. ఆ శ్మశానంలో గుర్రం మీద కూర్చున్న విగ్రహాలు రెండే ఉన్నాయి. ఒకటి అమెరికా అంతర్యుద్ధంలో చనిపోయిన జనరల్ ఫిలిప్ కెర్నీది, రెండోది డిల్‌ది.